ఇరవై ఐదు నిండనివాళ్లు

ప్రొఫెసర్ లాస్కర్‌కి చదివి వినిపించేటప్పుడు కృష్ణవేణి ఒక్క అక్షరం కూడా వదలకూడదు. పనిలో చేరిన రోజే ఆయన పెట్టిన షరతు అది. అచ్చులో ఉన్నది చదవాలి. పేజీ అడుగున ఫుట్‌నోట్ ఉంటే అదీ చదవాలి. మార్జిన్‌లో ఆయన ఒకప్పుడు రాసుకున్న మాటలుంటే, "పెన్సిల్" అని ముందు చెప్పి వాటినీ చదవాలి. పెన్సిల్ మాటల్లో సగం తిట్లే. "పెన్సిల్: ఆధారం ఏదీ?" "పెన్సిల్: ఈయనకి హీబ్రూ రాదు, పాపం." "పెన్సిల్: మళ్లీ అదే పాట." అవి విన్నప్పుడల్లా ఎనభై నాలుగేళ్ల లాస్కర్ కుర్చీలో వెనక్కి వాలి, పాత స్నేహితుడు ఎదురైనట్టు నవ్వుకునేవారు.

ఆయన రెండు కళ్లకీ నట్టనడుమ మచ్చ కమ్మింది. ఎదురుగా కూర్చున్న మనిషి భుజాలు కనిపిస్తాయి గానీ మొహం కనిపించదు. చెవులు మాత్రం పాము చెవులు. ఆమె ఒక కామా దగ్గర ఆగకపోయినా పట్టేసేవారు.

కృష్ణవేణికి అమెరికాలో ఉద్యోగానికి అనుమతిచ్చే ఈఏడీ కార్డు వచ్చాక దొరికిన మొదటి పని ఇది. కాపెల్‌లో ఇంటి నుంచి సిక్స్ థర్టీ ఫైవ్ హైవే మీద అరగంట డ్రైవ్. మామూలుగా వారానికి మూడు మధ్యాహ్నాలు వచ్చేది. ఈ వారం రోజూ రమ్మన్నారు. ఆయన రాయిస్తున్న వ్యాసం శుక్రవారానికల్లా పత్రికకి చేరాలి. అదే తన ఆఖరి వ్యాసమని ఆయనే చెప్పుకున్నారు.

"ఏడొందల ఏళ్ల కిందటి గొడవకి ఇప్పుడు డెడ్‌లైన్ ఏంటి?" అన్నాడు భర్త శశికాంత్, ఆదివారం రాత్రి ఆమె చెప్పినప్పుడు.

గొడవ పాతదే. దక్షిణ ఫ్రాన్స్ ఊళ్లలో, స్పెయిన్‌లో, యూదుల్లో కొందరు గ్రీకు తత్వశాస్త్రం చదవడం మొదలుపెట్టారు. ఆ కళ్లతోనే తమ పవిత్ర గ్రంథాన్నీ చదివారు. అబ్రాహాము, శారా నిజంగా మొగుడూ పెళ్లాలు కారు, ఒకరు రూపం, ఒకరు పదార్థం అని బోధించేవాళ్లు బయల్దేరారట. ఇలాగైతే పిల్లలకి ప్రార్థన మీదా పండగల మీదా నమ్మకం ఏం మిగులుతుందని పెద్దలు అదిరిపోయారు. ఏళ్ల తరబడి ఊరి నుంచి ఊరికి ఉత్తరాలు నడిచాయి. చివరికి 1305లో బార్సిలోనా పెద్దలు ఒక శాసనం చేశారు. ఇరవై ఐదేళ్లు నిండనివాడెవడూ యాభై ఏళ్ల పాటు గ్రీకు తత్వం ముట్టుకోకూడదు. వైద్యం చదువుకోవచ్చు. మీరినవాడికి వెలి. ముప్పై మందికి పైగా సంతకాలు పెట్టారు.

లాస్కర్ జన్మంతా ఈ ఉత్తరాల మీదే గడిచింది. నలభై ఏళ్ల పాటు ఆయన చెప్పింది ఒకటే: అది పెత్తనం కోసం జరిగిన పోరు, అంతే. ఇప్పుడు ఆ మాట తనే కొట్టేసి కొత్త మాట రాయిస్తున్నారు. ఆ సంతకాలు పెట్టినవాళ్లని పండితులుగా కాక తండ్రులుగా చదవాలి, వాళ్లచేత ఆ శాసనం రాయించింది పెత్తనం కాదు, బిడ్డలు చేజారిపోతారన్న బెంగ అని. పోయిన వారం ఆ వాక్యాన్ని ఆయన రెండుసార్లు చెప్పి రాయించారు. కృష్ణవేణి టైప్ చేస్తూ, ఈ వయసులో తన మాట తనే కొట్టేసుకోవడానికి ఎంత గుండె కావాలో అనుకుంది.

సోమవారం ఒక ఉత్తరం తాలూకు పాత అనువాదం కావలసివచ్చింది. "కింది అరలో బూడిదరంగు పెట్టె ఉంటుంది, చూడండి," అన్నారు. ఆమె నేల మీద కూర్చుని పెట్టె తెరిచింది. అనువాదం కాగితాల అడుగున నల్ల అట్ట వేసి కుట్టిన టైపు ప్రతి ఒకటి తగిలింది. అలవాటుగా పైకే చదివింది. "బార్సిలోనా శాసనం, సంతకాలు పెట్టినవాళ్లు. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం. జూడిత్ పెర్ల్. 1988."

కుర్చీ కిర్రుమంది. "అది పక్కన పెట్టండి," అన్నారు లాస్కర్.

పెట్టింది. అయితే రెండు గంటలకి ఆయన అరగంట కునుకు తీస్తారు. ఆ అరగంటా ఆమెకి తోచదు. బల్ల మీద ఆ పుస్తకం ఉంది.

మొదటి పేజీల నిండా పెన్సిలే. "బాగుంది." "చాలా బాగుంది." "ఇది నాకెందుకు తట్టలేదు?" ఆ ఇంట్లో ఏ పుస్తకంలోనూ ఇన్ని మెచ్చుకోళ్లు ఆమెకి కనబడలేదు. నలభై ఒకటో పేజీలో ఒక ఫుట్‌నోట్ కింద గట్టి గీత, కాగితం చిరిగేంత గట్టిగా. ఆ తర్వాత పెన్సిల్ లేదు. నలభై రెండు, నలభై మూడు, అరవై, తొంభై. ఎక్కడా ఒక చుక్క లేదు. ఆయన ఏ పుస్తకం ముగించినా ఆఖరి పేజీలో తేదీ వేస్తారు. ఇందులో అదీ లేదు. వెనక అట్టలో మడతపెట్టి ఒక కార్బన్ కాపీ ఉంది. పరీక్షకుడిగా ఆయన సంతకంతో యూనివర్సిటీకి వెళ్లిన రిపోర్టు. "ఈ గ్రంథాన్ని ఆసాంతం పరిశీలించాను. ఇది పాండిత్యం కాదు, సానుభూతి. పట్టా ఇవ్వడానికి నేను అంగీకరించలేను."

కృష్ణవేణి మళ్లీ పేజీలు తిప్పింది, ఈసారి చదువుతూ. నూట పన్నెండో పేజీ దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. "ఈ సంతకాలు పెట్టినవాళ్లని పండితులుగా కాక తండ్రులుగా చదవాలి."

లోపలి గదిలో లాస్కర్ దగ్గారు. ఆమె పుస్తకం మూసేసింది.

*

మంగళవారం వ్యాసం మొదటి నుంచీ చదివి వినిపించాలి. ఆమె నాలుగు పేజీలు చదివి ఆగింది.

"ఏమైంది? మంచినీళ్లు కావాలా?"

"ప్రొఫెసర్, నిన్నటి పుస్తకంలో నలభై ఒకటో పేజీ తర్వాత పెన్సిల్ లేదు."

ఆయన తల కొంచెం పక్కకి తిప్పారు. ఎదుటి మనిషిని చూడాలంటే ఆయన అలా పక్కకే తిరగాలి.

"మిమ్మల్ని చదవడానికి పెట్టుకున్నాను. నన్ను తూకం వెయ్యడానికి కాదు."

"ఒక్క అక్షరం వదలొద్దన్నది మీరే."

"ఈరోజుకి చాలు."

"ఇంకా పదహారు పేజీలు..."

"చాలు, మిసెస్ కృష్ణవేణి."

ఆమె లాప్‌టాప్ మూసి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసింది. హైవే మీద ట్రాఫిక్ లేదు. ఇంత తొందరగా ఇంటికెళ్లి ఏం చెయ్యాలో తోచక ఇర్వింగ్ వైపు మళ్లి, ఇండియన్ స్టోర్‌లో అవసరం లేకపోయినా దొండకాయలు కొని, పార్కింగ్‌లో కాసేపు కార్లోనే కూర్చుంది.

భోజనాల దగ్గర విషయం చెప్తే శశికాంత్ ప్లేటులోంచి తలెత్తాడు. "పెర్ల్ ఎవరు? నేను కంప్యూటర్లో పాత స్క్రిప్టులు రాసే పెర్ల్ లాంగ్వేజ్ అనుకున్నా." ఆమె నవ్వకపోవడంతో గొంతు మార్చాడు. "వేణీ, నీకెందుకు చెప్పు ఇదంతా? ఆయనేం కాపీ కొట్టలేదు కదా. ఆ బుక్ చదవనేలేదంటున్నావ్. చదవకుండా కాపీ ఎట్లా కొడతాడు? ఇండిపెండెంట్‌గా తట్టింది."

"చదవకుండానే చదివానని రాసిచ్చాడు."

"ముప్పై ఆరేళ్లు అయింది. వదిలెయ్. పెద్దాయన. నువ్వు అటు వెళ్లడం మొదలుపెట్టాక మొహంలో కళొచ్చింది, అది పోగొట్టుకోకు." తర్వాత ఆ సంగతి అయిపోయినట్టే లాప్‌టాప్ దగ్గరికి లాక్కున్నాడు. "ఇది చూడు. రిషితకి కాలేజీ అప్లికేషన్స్ ఈ నెలాఖరు. కంప్యూటర్ సైన్స్ ఫస్ట్ ఛాయిస్, డేటా సైన్స్ సెకండ్. ఆస్టిన్ పెడదామా, ఇక్కడే డాలస్ పెడదామా?"

"ఇక్కడైతే కళ్లెదుట ఉంటుంది. అక్కడ హాస్టలంటే ఎవరితో తిరుగుతుందో ఏమో."

"అదే నేనూ అంటున్నా. మన భయం మనది."

వాళ్లిద్దరూ ముప్పావుగంట మాట్లాడుకున్నారు. కూతురు రిషిత పెరుగన్నం కలుపుకుంటూ ఎదురుగానే ఉంది. ఒకసారి మాత్రం తలెత్తి, "మీరు డిసైడ్ చేసి చెప్పండి, నేను సబ్మిట్ క్లిక్ చేస్తా. ఇట్స్ ఫైన్," అని, కంచం తీసుకుని సింక్ దగ్గరికి వెళ్లింది. కోపంగా అనలేదు. కృష్ణవేణి ఆ వీపు వంక కాసేపు చూస్తూ ఉండిపోయింది.

*

బుధవారం తలుపు తీసినప్పుడు లాస్కర్ నిన్నటి సంగతి ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. టీ పెట్టింది. ఐదో పేజీ నుంచి మొదలుపెట్టింది. ఆయన కళ్లు మూసుకుని వింటూ, అక్కడక్కడ ఒక మాట మార్పించారు. "'గొడవ' వద్దు, 'వాదం' అనండి." పదకొండో పేజీ అయింది. ఆమె పన్నెండోది చదవలేదు. బల్ల మీంచి నల్లట్ట పుస్తకం తీసి ఒళ్లో పెట్టుకుంది. అదే గొంతుతో, అదే వేగంతో చదివింది.

"ఈ సంతకాలు పెట్టినవాళ్లని పండితులుగా కాక తండ్రులుగా చదవాలి. వాళ్లలో చాలామంది స్వయంగా తత్వం చదువుకున్నవాళ్లే. తాము దాటి వచ్చిన వాగు లోతు తెలుసు కాబట్టే పిల్లల్ని గట్టు మీదే ఆపాలనుకున్నారు."

"'తెలుసు కాబట్టే' తర్వాత కామా," అన్నారు లాస్కర్. "వాగు బాగుంది. అది ఎప్పుడు రాశాం మనం? నాకు గుర్తు లేదే."

"మనం రాయలేదు, ప్రొఫెసర్."

లాస్కర్ కళ్లు తెరిచి ముందుకి వంగారు.

"ఏ పేజీ?"

"నూట పన్నెండు."

ఆయన చెయ్యి చాచారు. ఆమె పుస్తకం ఆ చేతిలో పెట్టింది. కనబడదని తెలిసినా ఆయన పేజీని మొహం దగ్గరికి తెచ్చుకున్నారు, పక్కకి తిప్పి చూశారు, మార్జిన్ మీద బొటనవేలితో పైనుంచి కిందికి నిమిరారు. అక్కడ ఏమీ లేదని వేలికి కూడా తెలిసినట్టుంది.

"నలభై ఒకటిలో ఫుట్‌నోట్ చదవండి."

చదివింది. లాస్కర్ తన మొదటి పుస్తకంలో ఒక క్రియాపదాన్ని తప్పుగా అనువదించారని, దాని మీద కట్టిన అధ్యాయం నిలవదని అందులో ఉంది. ఎంతో మర్యాదగా, రెండే వాక్యాల్లో.

"ఆ పుస్తకంతోనే నాకు ఉద్యోగం పర్మనెంటయింది," అన్నారాయన. "ఆ అమ్మాయి చెప్పింది నిజమని ఆ సాయంత్రమే డిక్షనరీ చూసి తెలుసుకున్నాను. ఆపైన ఒక్క పేజీ తిప్పలేదు. తిప్పితే ఇంకా బాగుంటుందని భయం." కాస్త ఆగి అన్నారు. "ఆసాంతం అని రాశాను కదూ?"

"రాశారు."

"నలభై రెండు నుంచి చదవండి. కామాలతో సహా."

ఆ రోజు చీకటి పడేదాకా చదివింది. గురువారం పొద్దున్నే వచ్చి మళ్లీ అందుకుంది. గొంతు బొంగురుపోతే ఆయనే తడుముకుంటూ వంటింట్లోకి వెళ్లి వేడినీళ్లలో తేనె కలిపి తెచ్చారు, సగం సాసర్లో ఒలికింది. ఆయన మధ్యలో ఎక్కడా ఆపలేదు. రెండువందల ఎనభయ్యో పేజీలో గ్రంథం ముగిసింది. శాసనం చేసిన మరుసటేడే ఫ్రాన్స్ రాజు యూదులందర్నీ కట్టుబట్టలతో దేశం నుంచి వెళ్లగొట్టాడు. శాసనం కావాలన్నవాళ్లూ వద్దన్నవాళ్లూ ఒకే దారిన నడిచిపోయారు. ఆఖరి పేరా అది.

లాస్కర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పత్రికవాళ్లకి రాయండి, వ్యాసం రావడం లేదని. తర్వాత జూడిత్ పెర్ల్ ఎక్కడుందో కనుక్కోండి."

కనుక్కోవడానికి పది నిమిషాలు పట్టింది. ఫోర్ట్‌వర్త్‌లో ఒక హైస్కూల్‌లో ముప్పై ఏళ్లు హిస్టరీ చెప్పి రిటైరయింది. నలభై మైళ్ల దూరం. ఇన్నేళ్లూ నలభై మైళ్ల దూరంలోనే ఉంది.

*

శుక్రవారం పదకొండింటికి వచ్చింది జూడిత్ పెర్ల్. అరవై ఆరేళ్లుంటాయి. పొట్టి మనిషి, కత్తిరించిన తెల్లజుట్టు. కృష్ణవేణికి చెయ్యందించి, "ఫోన్‌లో గొంతు మీదేనా?" అని అడిగి, లోపలికి వచ్చి నిలబడింది. కూర్చోలేదు.

లాస్కర్ కోటు వేసుకున్నారు. చెప్పాల్సింది పొద్దున్నించీ బట్టీ పడుతున్నారని కృష్ణవేణికి తెలుసు. లేచి నిలబడి, ఆవిడ భుజాల వైపు మొహం పెట్టి అప్పజెప్పారు. చదవలేదని, చదివానని రాశానని, ఎందుకో కూడా. తడబడకుండా చెప్పి, ఆఖరి మాట దగ్గర తడబడ్డారు.

జూడిత్ కిటికీలోంచి బయటికి చూస్తూ విన్నది. "ఆ ఏడాది మా అమ్మ ఇంట్లో సోఫా మీద పడుకున్నాను," అంది నెమ్మదిగా. "పగలు కూడా. మీ రిపోర్టులో ఒక్క మాటైనా నిజం ఉండి ఉంటుందని వెతుక్కునేదాన్ని. సానుభూతి అన్నారు చూడండి, అది తిట్టో కాదో నాకు పదేళ్లు తెలియలేదు."

కృష్ణవేణి కుర్చీ కొంచెం ముందుకి జరిపింది. ఈసారి జూడిత్ కూర్చుంది.

"ఇప్పుడేం చేద్దామని?"

"నూట పన్నెండో పేజీ నీ పేరుతో అచ్చు వెయ్యాలి. ముందుమాట నేను రాస్తాను. జరిగింది జరిగినట్టు."

"వద్దు."

"క్షమించలేవు. అది న్యాయమే."

"దాని సంగతి వేరు. నూట పన్నెండో పేజీ తప్పు."

లాస్కర్ తల చటుక్కున పక్కకి తిరిగింది. "తప్పా?"

"ముప్పై ఏళ్లు పదిహేడేళ్ల పిల్లలకి పాఠం చెప్పాను. వాళ్ల తల్లిదండ్రులతో మాట్లాడాను. ప్రేమే, కాదనను. కానీ ప్రేమతో వేసిన తాళం కూడా తాళమే. నేను అప్పుడు ఆ పెద్దల మనసు చూసి కరిగిపోయాను, వాళ్లు వేసిన తలుపు మర్చిపోయాను. మీరు మొదట రాసిందే నయం. పెత్తనం అన్నారు కదా, అది నిజం."

"నిజం కాదు!" లాస్కర్ కుర్చీ చేతిని చరిచారు. "నేను నలభై ఏళ్లు తప్పు చెప్పాను. వైద్యాన్ని నిషేధించకుండా వదిలిపెట్టారు వాళ్లు, చూడు. పెత్తనమే అయితే అది ఎందుకు వదులుతారు?"

"పొట్టకూటికి. డాక్టర్లు లేకపోతే రాజుల దగ్గర వాళ్ల మాట ఎలా చెల్లుతుంది?"

"యాభై ఏళ్లని గడువెందుకు పెట్టారు? ఎప్పటికీ వద్దనొచ్చుగా!"

"తమ జన్మ గడిస్తే చాలని!"

కృష్ణవేణికి మొదట గాభరా వేసింది. క్షమాపణ చెప్పుకోవడానికి పిలిపించిన మనిషితో ఈయన గొడవకి దిగాడేమిటని. కాసేపటికి గమనించింది. లాస్కర్ బుగ్గల్లోకి ఎరుపొచ్చింది. జూడిత్ కోటు విప్పి కుర్చీ వెనక వేసుకుంది. ఆయన ఒక పుస్తకం కావాలంటే ఆవిడే లేచి, ఎక్కడుందో అడక్కుండానే సరైన అరలోంచి తీసుకొచ్చింది. ఆయన తప్పు పేజీ చెప్తే దిద్దింది. ఆయన మురిసిపోయారు. ముప్పై ఆరేళ్ల కిందట జరగాల్సిన తగువు ఇది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్దరూ అలిసిపోయి ఒకేసారి ఆగారు.

"సరే," అన్నారు లాస్కర్. "మొత్తం చదివిన మనిషి ఈ గదిలో ఇంకొకరున్నారు. ఉత్తరాలన్నీ చదివారు, నీ పుస్తకం చదివారు, నా వ్యాసం చదివారు. మిసెస్ కృష్ణవేణి, మీరు చెప్పండి. ఎవరిది నిజం?"

"నేనా? నేను ఉత్త రీడర్‌ని."

"అందుకే అడుగుతున్నా."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. కృష్ణవేణి బల్ల మీద పరిచిన ఉత్తరాల సంపుటాల వైపు చూసింది. ఆరు నెలలుగా అవి ఆమె గొంతులోంచి వెళ్లినవే. తండ్రులూ గురువులూ, శాపాలూ బుజ్జగింపులూ, ఊళ్లకి ఊళ్లు సంతకాలు. ఎన్ని గొంతులో.

"ఎవరిది నిజమో నాకు తెలీదు," అంది. "ఒకటి మాత్రం అనిపించింది. ఇంతమంది ఇన్ని ఉత్తరాలు రాశారు కదా. ఇరవై ఐదు నిండనివాడు రాసింది ఒక్కటి కూడా నేను చదివినట్టు లేదు. చదువుకోవద్దన్నది వాళ్లని. ఇటువాళ్లైనా అటువాళ్లైనా, వాళ్లని ఒక్కసారైనా అడిగారా?"

అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆ మాట ఎప్పుడు తయారైందో, ఎక్కడ తయారైందో.

జూడిత్ రెండు చేతులూ మొహం మీద పెట్టుకుంది, వేళ్ల సందుల్లోంచి నవ్వు వినిపించింది. "దేవుడా," అంది. "ముప్పై ఏళ్లు పిల్లల మధ్యే ఉన్నాను."

"లేదా ఉందా?" అన్నారు లాస్కర్. గొంతు మారింది. "ఉంటే ఎక్కడుంటుంది? రెండో సంపుటంలో ఆ బేజియే ఊరివాడు..."

"వాడికి అప్పటికి ముప్పై దాటింది."

"నీకెలా తెలుసు?"

"చూద్దాం పట్టండి."

జూడిత్ నేల మీద కూర్చుంది. కృష్ణవేణి కూడా కూర్చుంది. ఒకరు రెండో సంపుటం, ఒకరు మూడోది. ఒక్కో ఉత్తరం కింద రాసినవాడి పేరు, వయసు తెలిసే ఆనవాలు ఏదైనా ఉంటే అది, ఒకరి తర్వాత ఒకరు పైకి చదివారు. లాస్కర్ కుర్చీలో ముందుకి వంగి, "కాదు, తాతయ్యాడు." "కాదు, వాడికి పెళ్లయి అప్పటికే ఇరవై ఏళ్లు," అంటూ జ్ఞాపకంలోంచి ఒక్కొక్కర్నీ తప్పిస్తూ పోయారు. టీ చల్లారింది. ఎండ కిటికీ దాటి అల్మారా మీదికి పాకింది.

నాలుగున్నరకి శశికాంత్ ఫోన్ చేశాడు. "ఏంటి వేణీ, ఇంకా అక్కడే ఉన్నావా? ఆయన వ్యాసం మానేశాడన్నావుగా?"

"మానేశాడు. వెతుకుతున్నాం."

"ఏం పోయింది?"

"ఒక ఉత్తరం."

"ఎవరిది?"

"ఇంకా దొరకలేదు," అని కృష్ణవేణి ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి పేజీ తిప్పింది.